గ్వెల్ఫిక్ ఆర్డరు



బిరుదులు రాజులతో పుట్టి రాజులతో గిట్టుట లోకమున క్రొత్త గాదు. కాని, ఇచ్చిన రాజ్యము నిలిచియుండగనే, పుచ్చుకొన్నవారు పలువురు బ్రతికియుండగనే, పదునెనిమిదేండ్ల కన్య సింహాసన మెక్కినంతమాత్రమున ఒక బిరుదు ఇంగ్లండునకు పరాయిదగుట విచిత్రము. దాని పేరు రాయల్ గ్వెల్ఫిక్ ఆర్డరు. 1815లో వెలసి, బ్రిటిషు రాజుల చేతిలో ఇరువదిరెండేండ్లు మాత్రమే ఉండినది.

1714 మొదలు ఇంగ్లండు నేలిన రాజులే జర్మనీలోని హానోవరు సీమకును ప్రభువులు. దేశములు రెండు, చట్టములు రెండు, రాజు మాత్ర మొక్కడే. నెపోలియనును గద్దె దింపిన పిమ్మట 1814లో హానోవరు 'రాజ్యము' అను హోదాను పొందెను. రాజ్యమైన వెనుక దానికి సొంత బిరుదు వలదా? మూడవ జార్జి మతి చలించి యుండుటచే ఆయన పేర పరిపాలించుచున్న యువరాజు, అనగా తరువాతి నాలుగవ జార్జి, దీనిని నెలకొల్పెను. గ్వెల్ఫు లనునది ఆ వంశపు ప్రాచీన నామము.

ఇక దాని రూపము. మన గండపెండేరము కాలికి. వారి పతకము రొమ్మునకు. ఎనిమిది మొనలు గల బంగారు శిలువ. మొన మొనకు చిన్న గుండు. భుజముల నడుమ నొక్కొక్క సింహము. నట్టనడుమ ఎఱ్ఱని మీనాపూతపై పరుగిడు తెల్లని గుఱ్ఱము. ఈ గుఱ్ఱమే హానోవరు చిహ్నము. దాని చుట్టు నీలివలయమున లాటిను వాక్య మొకటి: 'నెక్ ఆస్పెరా టెర్రెంట్'. కష్టములును బెదరింపజాలవని దాని భావము. పతకము వెనుకతట్టున రాజనామాక్షరములు, రోమను అంకెలలో 1815వ సంవత్సరము. పైన కిరీటము. వ్రేలాడదీయు పట్టుపట్టె లేతనీలము. యోధుల పతకమునకు లారెలు ఆకుల దండయు, అడ్డముగా రెండు కత్తులును. ఉద్యోగులకు, పండితులకు ఓకు ఆకుల దండ మాత్రమే, కత్తులు లేవు. కత్తి పట్టినవానికిని కలము పట్టినవానికిని ఈ పాటి భేదము చూపుట నాకు సముచితముగనే తోచుచున్నది.

ఇందు తరగతులు మూడు: గ్రాండు క్రాసు, కమాండరు, నైటు. చిక్కంతయు కడపటి తరగతిలో వచ్చినది. నైటనగానే పేరునకు ముందు 'సర్' అని చేర్చుట ఇంగ్లండు వాడుక. కాని ఇది హానోవరు బిరుదు. ఇంగ్లండు చట్టము దృష్టిలో పరదేశపుది. కావున దీనిని పొందినంతమాత్రమున 'సర్' అనిపించుకొను హక్కు రాదు. 1781లో యురేనసు గ్రహమును కనుగొన్న విలియం హెర్షెల్‌కు 1816లో ఈ గౌరవము లభించెను. ఆయన హానోవరులోనే పుట్టి, అచ్చటి సైనిక వాద్యబృందమున వాయించినవాడు. లోక మాయనను 'సర్ విలియం' అని పిలిచినది, చట్ట మొప్పుకొనలేదు. ఆయన తన గ్రహమునకు మూడవ జార్జి పేరు పెట్టెను. ఆ పేరును నిలువలేదు.

నాల్గవ విలియం రాజు కాలమున ఇక్కట్టు తీర్చుటకై పలువురికి ఇంగ్లీషు నైట్‌హుడ్డును విడిగా నిచ్చుచుండిరి. అట్లు 1833లో రెంటిని పొందినవాడు చార్లెస్ విల్కిన్సు. మనకీ పేరు పరాయిది గాదు. 1785లో భగవద్గీత నింగ్లీషున వెలువరించినవా డితడే. హితోపదేశమును 1787లో అనువదించెను. 1808లో సంస్కృత వ్యాకరణమును ప్రకటించెను. ఆ విద్య ఆయనకు కాశీలో పండితుల యొద్ద అబ్బినది. జీవితమంతయు బడిలో శబ్దమంజరి చెప్పిన నావంటివానికి ఇచట ఒక మాట అనక తప్పదు: శిష్యుని రొమ్మున తెల్లగుఱ్ఱము వెలసినది, గురువులకు నీలిపట్టె దారమైనను చేరలేదు. విల్కిన్సు అర్హుడు కాడని నేననను, అర్హుడే. ఇచ్చువారి లెక్క అంతవఱకే పోయిన దనుచున్నాను.

1837 జూను 20వ తేదీన నాల్గవ విలియం మరణించెను. ఇంగ్లండు చట్టము తమ్ముని కూతురగు విక్టోరియాకు కిరీట మిచ్చినది. హానోవరులోనో, వంశమున పురుషుడుండగా స్త్రీకి రాజ్యార్హత లేదు. విలియం తమ్ముడు ఎర్నెస్టు అగస్టసు అచటికి రాజయ్యెను. బిరుదును ఆయన వెంటనే పోయెను. నాటినుండి బ్రిటిషు ప్రభుత్వము దీనిని ఎవ్వరికి నిచ్చి యెఱుగదు. మునుపు పొందినవారు మాత్రము పేరు చివర ఆ అక్షరములు వ్రాసికొనుచునే యుండిరి.

హానోవరులో నిది మఱి యిరువదితొమ్మిదేండ్లు నడచినది. 1866లో ప్రష్యా ఆ రాజ్యమును కలుపుకొనగా, పతకము పదభ్రష్టమైన రాజకుటుంబపు ఇంటి గౌరవముగా మాత్రమే మిగిలినది.