పింఛను కోత: రెండు నిర్ణయాలు, రెండు అప్పీళ్లు

వికలాంగుల పింఛను ఆగిపోయినప్పుడు మన వాడల్లో వినబడే మాట ఒక్కటే: "డాక్టర్లే శాతం తగ్గించి రాశాక ఇంకేం చేస్తాం?" ఈ మాటలో రెండు వేర్వేరు సంగతులు కలగలిసిపోయాయి. శాతం రాసింది మెడికల్ బోర్డు. పింఛను ఆపింది ఆఫీసు. పింఛను ఆపే అధికారం బోర్డుకు లేదు. శాతం మార్చే అధికారం ఆఫీసుకు లేదు. ఇవి రెండు నిర్ణయాలు గనక రెండింటినీ విడివిడిగా ప్రశ్నించాలి. ఈ తేడా ఎవరూ చెప్పకపోవడం వల్లే జనం ఒక చోట ఇవ్వాల్సిన అర్జీ ఇంకో చోట ఇచ్చి కాళ్లరిగేలా తిరుగుతారు. ఆ తిరుగుడులోనే గడువు కాస్తా దాటిపోతుంది.

ఇది మన సమస్య ఎందుకైంది?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, అంటే జనాభాలో 2.21 శాతం. షెడ్యూల్డ్ కులాల్లో మాత్రం 2.45 శాతం. ఎస్సీ, ఎస్టీలు కానివాళ్లలో 2.18 శాతం. అంకెల్లో తేడా చిన్నదే. బతుకులో చిన్నది కాదు. ఆస్తి ఉన్నవాడికి కాలు పోతే పొలం కౌలుకిచ్చి కూర్చుంటాడు. కూలివాడికి కాలు పోతే ఆ పూటే పొయ్యి ఆరిపోతుంది. కానీ సర్టిఫికెట్‌లో ఇద్దరికీ ఒకటే అంకె. 38 అని రాస్తే ఏమీ లేదు, 40 అని రాస్తే పింఛను. నాట్లు వెయ్యలేని ఒళ్లు, బరువు మొయ్యలేని నడుము ఆ అంకెలో కనబడవు.

మాదిగ దండోరా ఉద్యమం నడిపిన మంద కృష్ణ మాదిగ వికలాంగుల పింఛన్ల కోసం కూడా పోరాడటం ఊరికే జరిగింది కాదు. కులం, వైకల్యం ఒకే గుడిసెలో ఉంటాయి. పేరు "దివ్యాంగులు" అని మార్చినంత మాత్రాన ఆ గుడిసె మారదు.

2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వికలాంగుల పింఛనుదారులను మళ్లీ పరీక్ష చేయించింది. అంతకుముందు ఏడాది, 2024లో, ఈ పింఛను నెలకు 3,000 నుంచి 6,000కు, పూర్తిగా మంచాన పడ్డవాళ్లకు 15,000కు పెరిగింది. 2025 ఆగస్టులో 40 శాతం కంటే తక్కువని తేలినవాళ్లకు నోటీసులు వెళ్లాయి. కొందరిని 15,000 నుంచి 6,000కు దించారు. జనం రోడ్డెక్కాక అప్పీలు మాట గట్టిగా వినబడింది. పోరాటం లేకపోతే కాగితం మీది హక్కు కాగితం మీదే ఉంటుందనడానికి ఇది తాజా రుజువు.

మొదటిది: శాతం మీద అప్పీలు

1995 చట్టం స్థానంలో వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ఇది గుర్తించిన వైకల్యాలు 21. సర్టిఫికెట్ ఇచ్చే అధికారి నిర్ణయం నచ్చకపోతే అప్పీలు చేసుకునే హక్కు ఈ చట్టం 59వ సెక్షన్‌లో ఉంది. ఎవరికి చెయ్యాలి, ఎన్ని రోజుల్లో చెయ్యాలి అన్నది రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. అందుకే నోటీసు చేతికందిన తేదీని దాని మీదే రాసిపెట్టుకోవాలి.

అప్పీల్లో "పేదవాణ్ణి, దయచూడండి" అని రాస్తే ఫలితం ఉండదు. బోర్డు ఏం కొలిచింది, ఏం కొలవలేదు అన్నది రాయాలి. కాలికైతే కీళ్ల కదలిక, కండరాల బలం, నిలబడ్డప్పటి నిలకడ చూడాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతాయి. చేతికైతే భుజం నుంచి మణికట్టు దాకా ఒక లెక్క, పట్టుకునే శక్తి మరో లెక్క. ఇవన్నీ కొలిచారా, నాలుగడుగులు నడిపించి పంపేశారా? చెవుడుకు యంత్రంతో పరీక్ష చేశారా, వెనక నుంచి పిలిచి చూశారా? కాలూ చెవీ రెండూ దెబ్బతిన్న మనిషికి రెండూ లెక్కలోకి తీసుకున్నారా, ఒక్కటే రాసి వదిలేశారా?

పాత సర్టిఫికెట్‌లో "శాశ్వతం" అని ఉందేమో చూడాలి. వైకల్యం మారే అవకాశం ఉన్నప్పుడే గడువు పెట్టాలనీ, లేనప్పుడు శాశ్వతమని ఇవ్వాలనీ 2017 నిబంధనల్లో ఉంది. శాశ్వతమన్న వైకల్యం ఇప్పుడెలా తగ్గిందో బోర్డే చెప్పాలి. పాత లెక్క తప్పంటే, ఎక్కడ తప్పో రాయాలి.

రెండోది: పింఛను ఆపిన ఆర్డరు మీద అభ్యంతరం

ఇక్కడ ప్రశ్న వైద్యానిది కాదు, న్యాయానిది. ఆపేముందు నోటీసిచ్చారా? కారణం చెప్పారా? జవాబుకు గడువిచ్చారా? ఇచ్చిన జవాబు చదివారా? ఒడిశాలో బీనాపాణి దేయి అనే ప్రభుత్వ డాక్టరు పుట్టినతేదీని సర్కారు తనంతట తానే మార్చి ఆమెను ఉద్యోగం నుంచి దించేసింది. 1967లో సుప్రీంకోర్టు ఆ ఆర్డరు చెల్లదంది. మనిషి హక్కుకు దెబ్బ తగిలే నిర్ణయం ఆఫీసు నిర్ణయమే అయినా, ఆ మనిషి మాట వినకుండా తీసుకోకూడదని చెప్పింది. పింఛను కోతకూ ఈ సూత్రమే వర్తిస్తుంది.

కొన్నిసార్లు పింఛను ఆగేది శాతం వల్ల కాదు. రేషన్ కార్డు, భూమి, కరెంటు వాడకం లాంటి కారణాలుంటాయి. అప్పుడు సదరం క్యాంపు చుట్టూ తిరిగి లాభం లేదు. ముందు కారణం రాతలో తీసుకోవాలి. నోటి మాటగా "పై నుంచి ఆగింది" అంటే ఒప్పుకోకూడదు.

చేతిలో ఉన్న సాధనాలు

బోర్డు పరీక్ష కాగితం, పింఛను ఆపిన ఆర్డరు కాపీ ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగాలి. జవాబుకు 30 రోజులు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు. అయితే ఆ జవాబు కోసం ఆగి అప్పీలు గడువు పోగొట్టుకోవద్దు. ముందు అప్పీలు వేసి, కాగితాలు తర్వాత జతచేస్తామని అందులోనే రాయాలి.

లాయరు ఫీజు భయం అక్కర్లేదు. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా కోర్టు దగ్గరి న్యాయ సేవల సంస్థలో అడగాలి. రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కూ ఫిర్యాదు చేయొచ్చు. ఆ కమిషనర్ ఇచ్చేది సిఫారసే. కానీ దాని మీద ఏం చేసిందీ సంబంధిత అధికారి మూడు నెలల్లో చెప్పాలి. ఇవేవీ పనిచేయకపోతే 226వ అధికరణం కింద హైకోర్టు ఉంది.

"దొంగ వికలాంగులు" అన్న మాట

దొంగ సర్టిఫికెట్లు లేవని ఎవరూ అనడం లేదు. మోసం చేసి లబ్ధి పొందితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని 91వ సెక్షన్ చెబుతోంది. అమ్మినవాణ్ణీ కొన్నవాణ్ణీ పట్టుకుని కేసు పెట్టాలి, కోర్టులో రుజువు చెయ్యాలి. అది వదిలేసి వరసలో నిలబడ్డ ప్రతి కుంటివాణ్ణీ దొంగగా చూడటం న్యాయం కాదు. పింఛను ధర్మం కాదు. ఈ చట్టం 24వ సెక్షన్ సామాజిక భద్రత కింద దాన్ని చేర్చింది.

ఇందులో చదువుకున్న మనవాళ్లు చెయ్యాల్సిన పని ఉంది. వాడకొక నోటుపుస్తకం పెట్టాలి. ఎవరికి నోటీసు ఏ రోజున అందింది, పాత శాతం ఎంత, కొత్త శాతం ఎంత, ఏ ఆసుపత్రిలో చూశారు, అప్పీలు రసీదు ఉందా లేదా రాయాలి. ఒక్క మనిషి కాగితం చూస్తే అతని ఖర్మ అనిపిస్తుంది. ఒకే క్యాంపులో ఒకే రోజున నలభై మందికి శాతం తగ్గిందని ఆ పుస్తకం చూపిస్తే జవాబు చెప్పుకోవాల్సింది క్యాంపు. వేలిముద్ర వేసే తల్లిదండ్రుల పిల్లలం మనం. అర్జీ రాయడం వచ్చినందుకు మొదట చెయ్యాల్సిన పని ఇదే.