సీటుకు ఋణమా, ఆశకు ఋణమా?
ఉన్నత విద్యాసంస్థలలో ప్రవేశం – గ్రామీణ కుటుంబాలు వేసుకోవలసిన లెక్క

బోరు వేయడానికి ఋణం అడగబోయే రైతు ముందుగా చుట్టుపక్కల బావులలో నీరు ఎంత లోతున ఉన్నదో విచారిస్తాడు. కొత్త రకం విత్తనం తెప్పించే వ్యాపారి అది ఈ నేలకు సరిపోతుందా, లేదా అని నలుగురిని అడుగుతాడు. కాని ఇంట్లో ఇంటర్మీడియెట్ చదువుతున్న బిడ్డను ఐఐటీలోనో ఎన్ఐటీలోనో చేర్పించాలనుకున్నప్పుడు ఇదే జాగ్రత్త మరుగున పడుతున్నది. లెక్క వేయడం బిడ్డ తెలివిని శంకించడమే అవుతుందని తల్లిదండ్రులు సంకోచిస్తారు. అది సరికాదు. పోటీ ఎంతో, ఖర్చు ఎంతో, అందులో ఏ ఖర్చుకు బ్యాంకు తోడ్పడగలదో తెలుసుకుంటే బిడ్డ చదువూ నిలుస్తుంది, భూమీ నిలుస్తుంది.

పోటీ ఎంత?

ఇంజనీరింగ్ విద్యలో ఐఐటీ ప్రవేశానికి రెండు మెట్లు ఉన్నాయి. మొదటిది జేఈఈ మెయిన్. అందులో ముందు వరుసలో నిలిచిన సుమారు రెండున్నర లక్షల మందికి రెండవ మెట్టు అయిన జేఈఈ అడ్వాన్స్‌డ్ వ్రాసే అర్హత లభిస్తుంది.

2024వ సంవత్సరపు అంకెలు చూడండి. జేఈఈ మెయిన్ వ్రాసినవారు సుమారు 14 లక్షల 15 వేల మంది. అడ్వాన్స్‌డ్ వ్రాసినవారు 1,80,200 మంది. వారిలో అర్హత పొందినవారు 48,248 మంది. దేశంలోని 23 ఐఐటీలలో కలిపి ఆ ఏడు ఉన్న సీట్లు 17,740. అంటే మెయిన్ వ్రాసిన ప్రతి 80 మందిలో ఒక్కరికి మాత్రమే ఐఐటీ సీటు. అడ్వాన్స్‌డ్ వరకు వెళ్ళినవారిలో సుమారు పదిమందికి ఒకరు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉన్నది. ‘మా అబ్బాయి అడ్వాన్స్‌డ్‌లో క్వాలిఫై అయ్యాడు’ అన్నంత మాత్రాన సీటు వచ్చినట్లు కాదు. పై అంకెల ప్రకారం అర్హత పొందిన ప్రతి ముగ్గురిలో ఇంచుమించు ఒకరికే సీటు ఉన్నది. ఫలితాలు వచ్చిన రోజునే అప్పు కోసం పరుగెత్తకుండా ర్యాంకు ఎంతో చూడవలసి ఉంటుంది.

పర్సంటైల్ అంటే మార్కుల శాతం కాదు

జేఈఈ మెయిన్ ఫలితాన్ని పర్సంటైల్‌గా ఇస్తారు. 95 పర్సంటైల్ అంటే నూటికి 95 మార్కులు అని అర్థం కాదు. వ్రాసినవారిలో నూటికి 95 మంది ఆ విద్యార్థితో సమానంగానో వెనుకనో ఉన్నారని అర్థం. ముందున్నవారు నూటికి ఐదుగురే గదా అనిపిస్తుంది. కాని 14 లక్షల పైచిలుకు మందిలో ఐదు శాతమంటే సుమారు 70 వేల మంది! 99 పర్సంటైల్ వచ్చినా ముందు 14 వేల మంది ఉంటారు. పర్సంటైల్ వినగానే సంతోషపడటం సహజమే. నిర్ణయం మాత్రం ర్యాంకును బట్టి తీసుకోండి.

సగటు వేరు, మీ బిడ్డ అవకాశం వేరు

ఎనభైకి ఒకటి అన్నది దేశపు సగటు. మండలపు సగటు దిగుబడిని బట్టి మీ చేలో ఎన్ని బస్తాలు పండుతాయో చెప్పలేము గదా! మీ బిడ్డ విషయంలో నాలుగు అంశాలు గమనించండి.

ఒకటి, రిజర్వేషన్ వర్గం. ఐఐటీలు, ఎన్ఐటీలలో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీ నాన్ క్రీమీలేయర్‌కు 27, ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు 10 శాతం సీట్లు ఉన్నాయి. 2024లో అడ్వాన్స్‌డ్ వ్రాయడానికి కావలసిన కనీస పర్సంటైల్ జనరల్ అభ్యర్థికి 93.23, ఓబీసీకి 79.67, ఎస్సీకి 60.09, ఎస్టీకి 46.69. కనుక పొరుగింటి పిల్లవాని ర్యాంకుతో పోల్చి నిరుత్సాహపడటం గాని, పొంగిపోవడం గాని తగదు.

రెండు, బాలికలకు ఉన్న అదనపు సీట్లు. ఐఐటీలలో 2018 నుండి బాలికల కోసం అదనపు సీట్లు ఏర్పాటు చేశారు. ఆడపిల్లకు దూరపు చదువు ఎందుకని ఆలోచించే కుటుంబాలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మూడు, స్వరాష్ట్రపు కోటా. ఎన్ఐటీలలో సగం సీట్లు ఆ రాష్ట్రపు అభ్యర్థులకు కేటాయిస్తారు. వరంగల్‌లోనూ, తాడేపల్లిగూడెంలోనూ మనకు ఎన్ఐటీలు ఉన్నాయి. విద్యార్థి పన్నెండవ తరగతి ఏ రాష్ట్రంలో ఉత్తీర్ణుడైతే దానినే స్వరాష్ట్రంగా పరిగణిస్తారు. సొంత ఊరు ఏదన్నది లెక్కలోకి రాదు. కోచింగ్ కోసం బిడ్డను పొరుగు రాష్ట్రానికి పంపి అక్కడే ఇంటర్ పరీక్ష వ్రాయిస్తే ఇక్కడి కోటా చేజారుతుంది. ఐఐటీలలో ఈ కోటా లేదు.

నాలుగు, గత సంవత్సరపు చివరి ర్యాంకులు. ఏ సంస్థలో, ఏ కోర్సులో, ఏ వర్గానికి ఎంత ర్యాంకు వరకు సీటు వచ్చిందో ఉమ్మడి కౌన్సెలింగ్ జరిపే జోసా ప్రతి ఏటా ప్రకటిస్తుంది. కళాశాలలో జరిగే నమూనా పరీక్షలలో మీ బిడ్డకు ఒక్కసారి వచ్చిన ఉత్తమ ఫలితాన్ని కాక, అయిదారు పరీక్షల సరళిని తీసుకుని ఆ ర్యాంకులతో పోల్చండి. బిడ్డ అవకాశం గురించి ఇంతకంటే నమ్మదగిన కొలమానం ఇంట్లో కూర్చుని పొందలేము.

ప్రకటనలను ఎలా చదవాలి?

బస్టాండు గోడల మీద ర్యాంకుల ఫోటోలు చూసినప్పుడు ఒక్క ప్రశ్న వేయండి: ‘మొత్తం ఎంతమంది చేరితే ఇంతమందికి వచ్చాయి?’ పండిన ఎకరం చూపి ఎండిన పదెకరాలు దాచిన విత్తన కంపెనీని మీరు నమ్మరు గదా! కోచింగ్ రంగంలో తప్పుదారి పట్టించే ప్రకటనలను అరికట్టడానికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు జారీ చేసింది. సీటు గ్యారంటీ అని ప్రకటించడం వాటి ప్రకారం నిషిద్ధం. ర్యాంకు పొందిన విద్యార్థి ఏ కోర్సులో ఎంతకాలం శిక్షణ పొందాడో కూడా ప్రకటనలో తెలుపవలసి ఉంటుంది.

వాకిలి ఖర్చు, ఇంటి ఖర్చు

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాము. ఒక కుటుంబం కోచింగుకూ హాస్టలుకూ ఏడాదికి 2 లక్షల చొప్పున రెండేళ్ళు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి బయట అప్పు తెచ్చిందనుకుందాం. అది సంవత్సరానికి 24 శాతం. మొదటి 2 లక్షల మీద రెండేళ్ళకు 96 వేలు, రెండవ 2 లక్షల మీద ఏడాదికి 48 వేలు, కలిపి వడ్డీయే 1,44,000. ఇంటర్ ముగిసేనాటికి బాకీ 5,44,000 రూపాయలు.

అదే బిడ్డకు ఐఐటీలో సీటు వస్తే? 2016 నుండి ట్యూషన్ ఫీజు ఏడాదికి 2 లక్షలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకూ, లక్ష లోపు వార్షికాదాయం గల కుటుంబాలకూ అది పూర్తిగా మాఫీ. లక్ష నుండి 5 లక్షల వరకు ఆదాయం ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. అంటే అటువంటి కుటుంబానికి నాలుగేళ్ళ ట్యూషన్ ఫీజు సుమారు 2,67,000 రూపాయలు. హాస్టలు, భోజనం ఖర్చులు వేరుగా ఉన్నా, ఇంటి కంటే వాకిలి ఖరీదు ఎక్కువైన సంగతి స్పష్టమే. పైగా ఆ వాకిలి తెరుచుకుంటుందన్న హామీ లేదు.

బ్యాంకు ఎక్కడ తోడ్పడుతుంది?

సీటు వచ్చిన తరువాత బ్యాంకు మీ వెంట ఉంటుంది. ప్రవేశ పరీక్ష కోచింగు సాధారణ విద్యా ఋణ పథకం పరిధిలోకి రాదు. సీటు దొరికిన కోర్సుకు ఫీజు, హాస్టలు, పుస్తకాలు, కంప్యూటరు వంటివి వస్తాయి. కోర్సు పూర్తయిన తరువాత మరొక ఏడాది వరకు వాయిదాలు కట్టనవసరం లేదు. అటుపైన 15 సంవత్సరాల వరకు గడువు ఉంటుంది. చదువుకునే కాలంలో వడ్డీ సాధారణ వడ్డీగానే లెక్కిస్తారు. వీలైనంత వరకు అప్పుడే కడుతూ ఉంటే తరువాతి భారం తగ్గుతుంది.

2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం క్రింద, ఎంపిక చేసిన ఉన్నత ప్రమాణాల సంస్థలలో ప్రతిభ ఆధారంగా సీటు పొందినవారికి తాకట్టు గాని, హామీదారు గాని లేకుండా ఋణం లభిస్తుంది. ఆరంభంలో ఈ జాబితాలో 860 సంస్థలు ఉన్నాయి. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉండి, వేరే ప్రభుత్వ ఉపకార వేతనం గాని వడ్డీ రాయితీ గాని పొందనివారికి, 10 లక్షల వరకు ఋణం మీద విరామ కాలంలో 3 శాతం వడ్డీ రాయితీకి కూడా అవకాశం ఉన్నది. మేనేజిమెంట్ కోటా సీట్లకు ఈ పథకం వర్తించదు.

ఈ రెండు ఖాతాలను ముట్టవద్దు

కౌన్సెలింగ్ జరిగే జూన్, జూలై నెలలే ఖరీఫ్ సాగుకు కూడా అదను. రైతు తన కిసాన్ క్రెడిట్ కార్డు సొమ్మును ఫీజుకు మళ్ళిస్తే విత్తనానికీ ఎరువుకూ మళ్ళీ బయటి వడ్డీకి చేయి చాపవలసి వస్తుంది. పంట ఋణం గడువులోగా చెల్లించలేకపోతే సకాల చెల్లింపుకు వచ్చే వడ్డీ ప్రోత్సాహకం కూడా పోతుంది.

ఎరువులు, విత్తనాల వ్యాపారులకూ ఇదే మాట. క్యాష్ క్రెడిట్ ఖాతా సరుకు కోసం ఇచ్చినది. అందులోనుండి ఫీజు కడితే దుకాణంలో సరుకు తగ్గుతుంది. సరుకు తగ్గితే డ్రాయింగ్ పవర్ తగ్గుతుంది. సీజను మధ్యలో బేరం పోతుంది.

ఒక్క తలుపునే నమ్ముకోవద్దు

జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఎన్ఐటీలు, ట్రిపుల్ ఐటీలు ఉన్నాయి. ఈఏపీసెట్ ద్వారా రాష్ట్ర విశ్వవిద్యాలయాల కళాశాలలు ఉన్నాయి. వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో రైతు బిడ్డలకు ప్రత్యేక కోటా ఉన్నది. దాని నిబంధనలు ఆ ఏటి ప్రకటనలో చూసుకోవాలి. పదవ తరగతి చదివే పిల్లలున్నవారు ఆ మార్కుల మీదనే ప్రవేశం ఇచ్చే నూజివీడు, ఇడుపులపాయ, బాసర వంటి ట్రిపుల్ ఐటీలను కూడా పరిశీలించవచ్చు. అడ్వాన్స్‌డ్‌ను వరుసగా రెండేళ్ళలో రెండు పర్యాయాలు మాత్రమే వ్రాయగలరు. లాంగ్ టర్మ్ కోచింగుకు మరొక ఏడాది వెచ్చించే ముందు ఈ సంగతి, బిడ్డ ఇష్టం రెండూ తెలుసుకోండి.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

1. ఓబీసీ ధ్రువపత్రం కేంద్ర ప్రభుత్వ నమూనాలో, ఆ సంవత్సరం ఏప్రిల్ 1 తరువాత జారీ అయినదై ఉండాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు, విచారించుకోండి.
2. ఆర్థికంగా వెనుకబడిన వర్గాల పత్రానికి 8 లక్షల ఆదాయ పరిమితితో పాటు భూమి పరిమితి కూడా ఉన్నది. కుటుంబానికి 5 ఎకరాలు, ఆపైన సాగు భూమి ఉంటే అర్హత లేదు.
3. ఇంటర్‌లో 75 శాతం (ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 65 శాతం) మార్కులు గాని, తమ బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లో స్థానం గాని ఉండాలి. బోర్డు పరీక్షలను నిర్లక్ష్యం చేయరాదు.
4. సీటు అంగీకార రుసుము కొద్దిరోజుల గడువులోనే కట్టవలసి ఉంటుంది. ఆ మొత్తాన్ని ముందే పొదుపు ఖాతాలో ఉంచుకోండి.
5. ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా వివరాలలో బిడ్డ పేరు ఒకే విధంగా ఉన్నదో లేదో సరిచూసుకోండి.

చివరగా ఒక మాట. పంటకు బీమా ఉన్నది, పశువుకు బీమా ఉన్నది. పదిహేడేళ్ళ బిడ్డ మనసుకు మాత్రం ఏ బీమా లేదు. ఇంటి అప్పంతా తన ర్యాంకు మీదనే ఆధారపడి ఉన్నదన్న భారాన్ని ఆ వయసు మోయలేదు. కనుక బిడ్డకు సీటు రాకపోయినా కుటుంబం తట్టుకోగలిగినంత మేరకే ముందస్తు ఖర్చు పెట్టండి. ఆ సంగతి బిడ్డకు కూడా నోరు తెరిచి చెప్పండి. సీటు వచ్చిన రోజున ప్రవేశ పత్రం తీసుకుని మీ శాఖకు రండి. ఫలితాలకు ఒక నెల ముందే వచ్చి మాట్లాడితే మరీ మంచిది.