పాత కంప్యూటర్‌కి పునర్జన్మ!

ఇంగ్లండులో 1086లో ఊళ్లూ భూములూ పశువుల లెక్కలన్నీ సేకరించి రాయించారు. అదే డూమ్స్‌డే బుక్. ఇప్పటికీ చదువుకోవచ్చు దాన్ని. ఆ పుస్తకానికి తొమ్మిది వందల ఏళ్లు నిండిన సందర్భంగా 1986లో బీబీసీ అలాంటిదే మరోటి చేసింది... లేజర్ డిస్కుల మీద! బడిపిల్లలతో సహా పదిలక్షల మందికి పైగా అందులో పాలుపంచుకున్నారు. తీరా పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ డిస్కుల్ని చదివే యంత్రాలే కరవయ్యాయి! చివరికి 2002లో లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు దాన్ని కొత్త కంప్యూటర్ మీద తెరిచి చూపించారు. అందుకు పనికొచ్చిన ఉపాయమే ఎమ్యులేటర్.

ఇదో సాఫ్ట్‌వేర్. పాత యంత్రంలోని ప్రాసెసర్, మెమరీ, సౌండ్ చిప్ ఎలా పనిచేసేవో అచ్చం అలాగే అనుకరిస్తుంది. దాంతో పాత ప్రోగ్రామ్ తన సొంతింట్లోనే ఉన్నాననుకుని పనిచేసుకుపోతుంది.

ఏది ఎంచుకోవాలి?

ఆట ఏ యంత్రం కోసం తయారైందో ముందు తెలుసుకోవాలి. కమొడోర్ 64దైతే వైస్, జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్‌దైతే ఫ్యూజ్, బీబీసీ మైక్రోదైతే బీబ్ఎమ్. నాణెం వేసి ఆడే మెషీన్ల ఆటలకు 1997లో వచ్చిన మేమ్ ఉంది. రకరకాల కన్సోళ్ల ఆటలు ఒకేచోట కావాలంటే రెట్రోఆర్చ్. ఒకప్పుడు కంప్యూటర్ ల్యాబులో 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' కోసం పోటీపడినవారికైతే డాస్‌బాక్స్. ఇవన్నీ ఉచితమే.

అమర్చుకోండిలా!

డాస్‌బాక్స్‌నే తీసుకుందాం. దాని అసలు వెబ్‌సైట్ నుంచే దించుకోవాలి. ఆట ఫైళ్లన్నీ ఓ ఫోల్డర్‌లో పెట్టి, 'మౌంట్' కమాండ్‌తో ఆ ఫోల్డర్‌ని సి డ్రైవ్‌గా చూపించాలి. తర్వాత సి డ్రైవ్‌లోకి వెళ్లి ఆట ఫైలు పేరు టైప్ చేస్తే సరి. బొమ్మలు మరీ వేగంగా పరుగెడుతున్నాయా? కంట్రోల్, ఎఫ్11 కలిపి నొక్కితే నెమ్మదిస్తాయి. వేగం పెరగాలంటే కంట్రోల్, ఎఫ్12. ఆల్ట్, ఎంటర్ నొక్కితే తెర నిండా ఆటే!

ఇది మరవొద్దు

ప్లేస్టేషన్ ఎమ్యులేటర్ కేసులో 2000లో అమెరికా అప్పీళ్ల కోర్టు ఎమ్యులేటర్ తయారుచేసిన సంస్థవైపే మొగ్గింది. అలాగని ఆటలన్నీ ఉచితమైపోలేదు. వాటి మీదా, కొన్ని కన్సోళ్లకు అవసరమయ్యే బయోస్ ఫైలు మీదా కాపీరైట్ ఉంటుంది. కాబట్టి సొంతంగా కొన్న ఆటలో, తయారీదారులే ఉచితంగా విడుదల చేసినవో వాడుకోవడం మేలు.

ఇంతకీ మీ అటక మీద పాత ఫ్లాపీలేమైనా ఉన్నాయా? ఆటలే కాదు, నాన్న రాసుకున్న లెక్కలో, పిల్లలు వేసిన తొలి బొమ్మలో వాటిలో ఉండొచ్చు. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ సంపాదించి ముందు వాటిని కాపీ చేసుకోండి. ఏళ్లు గడిచేకొద్దీ ఫ్లాపీ మీది సమాచారం చెరిగిపోతుంది. పోయిన యంత్రాన్నయితే ఎమ్యులేటర్ బతికిస్తుంది కానీ, చెరిగిపోయిన సమాచారాన్ని తిరిగి తేలేదు.