మంటను బట్టి మందు

విశాఖలో బట్టల షాపుకి వెళ్లినా, హోటల్ వంటగదిలోకి తొంగిచూసినా, గాజువాక ఆటోనగర్‌లో వర్క్‌షాపు గోడ చూసినా ఎక్కువగా కనపడేది ఏబీసీ అని రాసున్న ఎర్ర సిలిండరే. లోపల డ్రై పౌడర్ ఉంటుంది. ఏ అంటే కట్టె, కాగితం, గుడ్డ లాంటివి. బీ అంటే పెట్రోలు, డీజిలు, రంగులు. సీ అంటే మండే గ్యాసులు. మూడింటికీ ఒకటే పనిచేస్తుంటే ఇంకోటి ఎందుకని కొనేవాళ్లు అనుకోవడంలో తప్పు లేదు. నిజానికి చాలా ఇళ్లకీ, కార్లకీ, మామూలు దుకాణాలకీ అది చాలు కూడా. అయితే ఓ పక్క ఓడరేవు, ఓ పక్క రిఫైనరీ, ఇంకో పక్క ఉక్కు కొలుములు, పరవాడ వైపు మందుల కంపెనీలు ఉన్న ఊళ్లో అన్ని గోడలకీ ఒకే సిలిండర్ తగిలించడమంటే ఎంపిక చేయడం మానేయడమే. చూడాల్సింది గది పేరు కాదు. అక్కడ ఏది మండుతుంది, మంట ఆరాక మళ్లీ అంటుకుంటుందా, ఆర్పే మనిషికి ఊపిరి ఆడుతుందా అన్నవి చూడాలి.

వంటగది సంగతి చూడండి. ఏబీసీ పౌడర్‌లో ముఖ్యమైనది మోనో అమ్మోనియం ఫాస్ఫేట్. మంటలో జరిగే రసాయనిక గొలుసు చర్యని అది తెంచేస్తుంది. కట్టె, గుడ్డల మీద పడితే కరిగి, గాజులాంటి పొరగా పరుచుకుని గాలి తగలనివ్వదు. అదే పౌడర్‌ని మండుతున్న నూనె బాణలి మీద కొడితే మంట ఒక్క క్షణం ఆగుతుంది గానీ నూనె చల్లారదు. వంటనూనె తనంతట తాను అంటుకునే వేడి సుమారు 360 డిగ్రీలు. అంత వేడెక్కిన నూనె పౌడర్ మబ్బు విడిపోగానే మళ్లీ భగ్గుమంటుంది. ఇక నీళ్లు పోస్తే చెప్పక్కర్లేదు. నూనెకన్నా బరువు కాబట్టి నీళ్లు అడుక్కి దిగి, అక్కడ ఒక్కసారిగా ఆవిరై, సుమారు 1,700 రెట్లు ఉబ్బి, మండే నూనెని గది పైకప్పు దాకా ఎగజిమ్ముతాయి. ఇక్కడ కావాల్సింది వెట్ కెమికల్ సిలిండర్. అందులోని పొటాషియం లవణాల ద్రావణం వేడి నూనెతో కలిసి సబ్బు అవుతుంది. సబ్బు నురుగు పైన మూతలా కప్పేస్తే, అందులోని నీరు నూనెని చల్లారుస్తుంది. రోజంతా బూరెలు, బజ్జీలు వేగే హోటల్ వంటగదిలో ఇది లేకుండా ఏబీసీ ఒక్కటే పెట్టుకుంటే సగం పనే అయినట్టు. ఇంట్లో అయితే స్టవ్ ఆపి, బాణలి మీద సరిపడా మూత జారవిడిస్తే చాలు.

సర్వర్ గదిలో ఇబ్బంది ఇంకో రకం. పౌడర్ మంటని ఆర్పుతుంది, కానీ ఆ సన్నటి పొడి సర్క్యూట్ బోర్డుల్లో చేరి, తేమ తగిలి లోహాన్ని తినేస్తుంది. సముద్రపు తేమ ఉన్న ఊళ్లో ఇది త్వరగానే జరుగుతుంది. అక్కడ కార్బన్ డయాక్సైడ్ మేలు. కరెంటుని మోయదు, మరక మిగల్చదు. అలాగని జెట్టీ మీదకి తీసుకెళ్తే గాలి దాన్ని ఎగరగొట్టేస్తుంది. చిన్న గదిలో తలుపులేసి వదిలితే మంటతోపాటు మనిషికీ ఊపిరాడదు. ఇంకో మాట, దీనికి ప్రెషర్ మీటరు ఉండదు. నిండుగా ఉందో లేదో తూకం వేసి చూడాలి. ముల్లు పచ్చరంగులో ఉంటే చాలనుకునే అలవాటు దీని దగ్గర పనికిరాదు.

స్టీల్ ప్లాంటుకి వస్తే, దాన్ని ఒక ఆవరణగా లెక్కపెట్టడమే పొరపాటు. బొగ్గు మోసే కన్వేయర్ బెల్టుకి నీళ్లు కావాలి. హైడ్రాలిక్ ఆయిల్ గదికి నురుగు కావాలి. కేబుల్ గ్యాలరీకి కరెంటు మోయని మందు కావాలి. సుమారు 1,600 డిగ్రీల్లో పారే కరిగిన ఉక్కు దగ్గర నీరు అడుగున చిక్కితే ఆవిరి పేలుడే, అందుకే అక్కడ పొడి ఇసుక. మెగ్నీషియం లాంటి లోహపు పొడి అంటుకుంటే నీటి నుంచి హైడ్రోజన్ పుట్టి మంట పెరుగుతుంది, దానికి డీ తరగతి పౌడర్ వేరే ఉంది. పోర్టులోనూ ఇంతే. అమ్మోనియం నైట్రేట్ విశాఖ రేవు ద్వారా దిగుమతయ్యే సరుకు. అది తోడైన మంటకి బయటి గాలి అక్కర్లేదు, ఆక్సిజన్ అందులోనే ఉంది. కాబట్టి గాలి అందకుండా చేసే ఏ సిలిండరూ దాని మీద పనిచేయదు. మొదట్లోనే ధారాళంగా నీళ్లు కొట్టాలి, చేయి దాటితే జనాన్ని దూరంగా పంపేయాలి. 2020 ఆగస్టు 4న బీరూట్ రేవులో పేలినది ఈ సరుకే, అక్కడ నిల్వ ఉంచింది దాదాపు 2,750 టన్నులు.

ఇన్ని రకాలు పెడితే మంట లేచిన కంగారులో ఏది లాగాలో తెలియక గందరగోళమే కదా అని భద్రతా అధికారులు కొందరు అంటారు. మాటలో బలం ఉంది. సిలిండర్లన్నీ ఎర్రవే. పైగా అక్షరాల లెక్క కూడా దేశానికో తీరు: మన దగ్గర సీ అంటే గ్యాస్ మంట, అమెరికాలో సీ అంటే కరెంటు మంట. అక్కడి ఓడల్లోనో యంత్రాలతోనో వచ్చిన సిలిండర్ లేబుల్ చదివితే పొరబడే వీలుంది. కానీ దీనికి విరుగుడు అన్ని చోట్లా ఒకటే రకం పెట్టడం కాదు. ఒక్కో చోట ఆ చోటికి తగిన రకమే అందుబాటులో పెట్టడం. ఎంపిక ముందే, తీరిగ్గా అయిపోవాలి. అప్పుడు పరుగెత్తుకొచ్చిన వంటవాడి చేతికి వెట్ కెమికల్ తప్ప మరోటి తగలదు. పిన్ను లాగడం, మీట నొక్కడం అన్నిటికీ దాదాపు ఒకటే కాబట్టి శిక్షణ కూడా పెద్దగా పెరగదు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఈ ఊరి చరిత్రే చెబుతుంది. 1997 సెప్టెంబర్ 14 ఆదివారం పొద్దున హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్పీజీ లీకై పేలినప్పుడు సుమారు 60 మంది పోయారు. 2023 నవంబర్ 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో దాదాపు 40 బోట్లకి నిప్పంటుకుంది. అలాంటిచోట గోడ సిలిండర్ ఏ రకమైతే ఏం లాభం? లాభం లేదు, ఒప్పుకోవాల్సిందే. ఆరు కిలోల పౌడర్ పావు నిమిషం అటూ ఇటూగా అయిపోతుంది. అది మొదటి నిమిషానికి పుట్టిన వస్తువు. కానీ ఈ రెండు ఘటనలూ ఒకలాంటివి కావు. ఎల్పీజీ గాలికన్నా బరువు. నేల మీద పాకుతూ నిప్పు ఉన్నచోటికి చేరుతుంది. అక్కడ ఆయుధం వాల్వు, గ్యాస్ డిటెక్టర్. లీకు ఆపకుండా గ్యాస్ మంటని మాత్రం ఆర్పితే మండని గ్యాస్ పోగై పేలుడుకి దారితీస్తుంది. హార్బర్‌లో అలా కాదు. డీజిలు, వంట గ్యాస్, నైలాన్ వలలున్న బోట్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. మొదటి బోటు మీద మొదటి నిమిషంలో చేతికందే పౌడరో నురుగో అక్కడ నిజంగా తేడా తెస్తుంది. గాలికి పోయే కార్బన్ డయాక్సైడ్ తేదు.

ఇప్పుడు అపార్ట్‌మెంటు సెల్లార్లలో కొత్త రకం మంట చేరింది. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ నుంచి లేచిన మంట, పొగ పైనున్న లాడ్జిలోకి ఎక్కి 8 మందిని చంపింది. లిథియం అయాన్ బ్యాటరీ పేరులో లోహం ఉన్నా డీ పౌడర్ దానికి కుదరదు. ఏబీసీ పైమంటని ఆర్పినా లోపలి సెల్ వేడికి పక్క సెల్ మళ్లీ అంటుకుంటుంది. చల్లార్చేది ఎడతెగని నీళ్లే. కాబట్టి స్కూటర్లు ఛార్జింగ్ పెట్టే చోట సిలిండర్ కన్నా ముందు నీటి గొట్టం ఉండాలి. ఆ చోటు మెట్ల కిందా లిఫ్టు పక్కనా ఉండకూడదు.