గుజ్జు అరిగిన తుంటి: మార్చాలా, ఆగాలా?

మా మేనత్త రెండేళ్లు మోకాలికి వైద్యం చేయించుకుంది. మాత్రలు, కాపడాలు, మోకాలి పట్టీ, చివరికి ఒక ఇంజెక్షన్ కూడా అయ్యాయి. ఆ తర్వాత చూపించుకున్న డాక్టరు ఆవిణ్ని బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు మడిచి, పాదాన్ని మెల్లగా బయటివైపుకు తిప్పాడు. మోకాలు ఊరుకుంది. గజ్జలో మాత్రం ప్రాణం పోయినంత పనైంది. అరిగింది తుంటి కీలని అప్పుడు తేలింది.

ఇలా పొరబడటం అరుదేమీ కాదు. తుంటి ఎక్కడంటే మనం నడుం పక్కన చెయ్యి వేసి చూపిస్తాం గానీ, అసలు కీలు గజ్జ లోతున ఉంటుంది. తుంటికీ మోకాలికీ వెళ్లే నరాలు కొన్ని ఒకటే కాబట్టి ఇక్కడి నొప్పి అక్కడ పలుకుతుంది. కాలిగోళ్లు తీసుకోవడానికి వంగలేకపోతున్నా, ఆటో ఎక్కేటప్పుడు కాలిని చేత్తో ఎత్తి లోపల పెట్టుకోవలసి వస్తున్నా తుంటిని అనుమానించాలి.

ఇక "గుజ్జు అరిగిపోయింది" అన్న మాట. సులువుగా అర్థమవుతుంది, అదే దాంతో చిక్కు. గుజ్జు అనగానే బండిలో గ్రీజులా మళ్లీ నింపుకోవచ్చు అనిపిస్తుంది. అక్కడ అరిగేది ఎముకల చివర అంటుకుని ఉండే నున్నటి మృదులాస్థి. దానికి రక్తనాళాలు లేవు. పోయిన చోట తిరిగి మునుపటిలా పెరగదు. "గుజ్జు ఇంజెక్షన్" పేరుతో ఇచ్చే హైయలురోనిక్ ఆమ్లాన్ని తుంటికి వాడొద్దని అమెరికా ఎముకల వైద్యుల సంఘం గట్టిగానే చెప్పింది. గ్లూకోసమైన్ మాత్రల్ని నెదర్లాండ్స్‌లో 222 మంది తుంటి రోగుల మీద రెండేళ్లు పరీక్షించి 2008లో ఫలితం ప్రకటించారు: ఉత్తుత్తి మాత్రకూ దానికీ తేడా లేదు. ఆ డబ్బు ఫిజియోథెరపిస్టుకు ఇస్తే మేలని నా అభిప్రాయం.

ఎందుకంటే తుంటి మీద పడే బరువును కండరాలు, కర్ర, ఒంటి బరువు నిజంగానే మార్చగలవు. కుడికాలి మీద ఒంటికాలితో నిలబడ్డారనుకోండి. ఒళ్లంతా ఎడమవైపుకు ఒరగబోతుంది. ఒరగకుండా కుడి తుంటి బయటివైపు కండరాలు గట్టిగా లాగిపట్టాలి. కావడిలో ఒక కుండ బద్ద చివర, రెండోది భుజానికి దగ్గరగా కడితే, దగ్గరిదానిలో ఎక్కువ బరువు వేస్తే తప్ప కావడి నిలవదు. భుజం రెండింటినీ మోయాలి. ఇక్కడ ఆ భుజం తుంటి కీలు. అందుకే నడుస్తున్నప్పుడు దాని మీద ఒంటి బరువుకు సుమారు రెండున్నర రెట్లు పడుతుంది. ఐదు కిలోలు తగ్గితే అడుగడుగునా పన్నెండు కిలోలు దించినట్టే. కర్ర కూడా ఈ లెక్క ప్రకారమే, నొప్పి లేని వైపు చేతిలో ఉండాలి. కావడికి దూరపు చివరన కింద నుంచి ఒక చెయ్యి ఆసరా ఇచ్చినట్టు. మా అత్త అందరిలాగే నొప్పివైపే పట్టుకునేది. చెయ్యి మార్చిన వారానికే తేడా ఆవిడకే తెలిసింది.

నొప్పి మాత్రలు కొన్నాళ్లకు పనికొస్తాయి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని ఏళ్ల తరబడి మింగితే కడుపులో పుండ్లు, బీపీ, కిడ్నీల దెబ్బ. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు ఊరటనిస్తుంది. అయితే అది చేయించుకున్న మూడు నెలల్లోపు తుంటి మార్పిడి ఆపరేషన్ చేయిస్తే ఇన్ఫెక్షన్ ప్రమాదం పెరుగుతుంది.

అరుగుదల బాగా ముదిరాక వ్యాయామం ఆపరేషన్‌కు సాటి వస్తుందా? డెన్మార్క్, నార్వేలలో ఆపరేషన్ దాకా వచ్చిన 109 మందిని రెండు జట్లు చేసి చూశారు. ఫలితం 2024లో వచ్చింది. 48 మార్కుల కొలమానం మీద ఆరునెలలకు తుంటి మార్చినవాళ్లు దాదాపు 16 మార్కులు పుంజుకుంటే, కండరాల వ్యాయామం చేసినవాళ్లు నాలుగున్నర. పోలికే లేదు. కానీ వ్యాయామం జట్టులో ఆ ఆరునెలల్లో ఆపరేషన్‌కు వెళ్లింది ఐదో వంతే. మిగతావాళ్లు అప్పటిదాకా ఆగగలిగారు.

ఆగడం ఎందుకంటే పెట్టిన కీలూ అరుగుతుంది. ఇంగ్లండ్ వైద్యుడు జాన్ చార్న్‌లీ మొదట కృత్రిమ తుంటిలో తొడ ఎముక తల కూర్చునే గిన్నె భాగాన్ని టెఫ్లాన్‌తో చేశాడు, మన నాన్‌స్టిక్ దోసె పెనం మీది పూతే. కొన్నేళ్లకే అరిగి, పొడి రాలి చుట్టూ వాచింది. ఆ పొడి ఏం చేస్తుందో చూడాలని తన తొడలోనే వేయించుకున్న మనిషాయన. 1962లో గట్టి పాలిథీన్‌కు మారాక ఆపరేషన్ నిలదొక్కుకుంది. పెట్టిన తుంటుల్లో వందకు 58 వరకు పాతికేళ్లు మన్నుతున్నాయని 2019లో లెక్కతేలింది. డెబ్బై దాటాక చేయించుకుంటే మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యేది వందలో ఐదుగురికే. యాభైల మొదట్లో ఉన్న మగవాళ్లలో అది 35 దాకా పోతుంది. ఇన్ఫెక్షన్, కీలు జారడం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం తక్కువ మందికే వస్తాయి గానీ వస్తాయి. షుగరు అదుపులో లేకపోతే ముందు దాని సంగతి చూసుకోవాలి.

అలాగని మంచం పట్టేదాకా ఆగడమూ తప్పే. కండరం కరిగిపోయాక కొత్త కీలు పెట్టినా నడక పూర్తిగా తిరిగి రాదు. ఎక్స్‌రే ఎంత భయంకరంగా ఉందన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. రాత్రి నిద్రపడుతోందా, వీధి చివరి దాకా నడవగలుగుతున్నారా అన్నది మొదటిది.

ముప్ఫై, నలభై ఏళ్లవాళ్లు ఈ లెక్కల్లోకి రారు. మన దగ్గర ఆ వయసులో తుంటి పాడవుతుంటే చాలాసార్లు కారణం తొడ ఎముక తల రక్తం అందక చచ్చుబడటం. స్టెరాయిడ్ల వాడకం, మద్యం, మన్యం ప్రాంతాల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బు దానికి దారితీస్తాయి. మొదట్లో ఎక్స్‌రేలో కనపడదు, ఎంఆర్ఐలోనే దొరుకుతుంది. అప్పుడు చూపించుకుంటే సొంత కీలును కాపాడుకునే ప్రయత్నానికి ఇంకా వీలుంటుంది.

మా అత్త కర్రతో, వ్యాయామంతో ఏడాదిన్నర నెట్టుకొచ్చింది. నొప్పితో అర్ధరాత్రి లేచి కూర్చోవడం రోజూ అయ్యాక ఆపరేషన్‌కు ఒప్పుకుంది. మర్నాడే వాకర్‌తో నిలబెట్టారు. ఇప్పుడు కర్ర అటకెక్కింది, కాలిగోళ్లు తనే తీసుకుంటోంది. నేలమీద కూర్చోవద్దన్నారని పూజగదిలో కుర్చీ వేశాం. దేవుడికంటే ఎత్తులో కూర్చుని పూజేమిట్రా అని రోజూ నాకే చివాట్లు.