లైసెన్సును ధిక్కరించిన రేడియో: 1971 నాటి బంగ్లా అనుభవం

లైసెన్సు లేని రేడియోలన్నీ ఒకే కోవకు చెందవు. 1964లో బ్రిటన్ తీరానికి ఆవల, ఓడ మీద నుంచి పాటలు వినిపించిన రేడియో కరోలిన్ లైసెన్సు విధానాన్ని తప్పించుకుంది, అంతే. పాలించే హక్కు బ్రిటిష్ ప్రభుత్వానికి లేదని అది అనలేదు. వేర్పాటు ఉద్యమం నడిపే రేడియో మాత్రం లైసెన్సు ఇచ్చే అధికారమే మీకు లేదంటుంది. ఈ తేడాను మనసులో ఉంచుకుని కింది ఉదాహరణను చదవండి.

1971 మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం ఢాకాపై విరుచుకుపడింది. అక్కడి రేడియో కేంద్రం సైన్యం చేతిలోకి పోయింది. మరునాటి సాయంత్రం చిట్టగాంగ్ దగ్గరి కాలూర్‌ఘాట్ ట్రాన్స్‌మీటర్ నుంచి రేడియో ఉద్యోగి బేలాల్ మొహమ్మద్, ఆయన సహచరులు 'స్వాధీన్ బంగ్లా బిప్లబీ బేతార్ కేంద్ర' పేరుతో ప్రసారం ప్రారంభించారు. బెంగాలీలో 'స్వాధీన్' అంటే స్వతంత్రమైన అని అర్థం. మన 'స్వాధీనం' కాదు. (ఆ ట్రాన్స్‌మీటర్ విషయంలో మన అర్థమూ సరిపోతుందనుకోండి!) 'బేతార్' అంటే తీగ లేనిది, అంటే రేడియో. 27న మేజర్ జియావుర్ రహమాన్ షేక్ ముజీబుర్ రహమాన్ పేరిట స్వాతంత్ర్య ప్రకటన చదివారు. తొలి ప్రకటన ఎవరిదన్న తగాదా బంగ్లాదేశ్ రాజకీయాల్లో దశాబ్దాలపాటు నడిచింది. ఆ ప్రసారాలకు ఎంత విలువ ఉండేదో దీన్నిబట్టే ఊహించవచ్చు.

అయితే వినేవారు దాక్కోగలరు గాని ట్రాన్స్‌మీటర్ దాక్కోలేదు. రెండు చోట్ల నుంచి తరంగాల దిశను కొలిస్తే, ఆ గీతలు కలిసే చోటే దాని చిరునామా. కాలూర్‌ఘాట్‌కు ఆ శ్రమ కూడా అక్కర లేకపోయింది. అది ప్రభుత్వానికి తెలిసిన కేంద్రమే. మార్చి 30న పాకిస్తాన్ విమానాలు దానిపై బాంబులు వేశాయి. 10 కిలోవాట్ల ట్రాన్స్‌మీటర్ మూగబోయింది. సిబ్బంది 1 కిలోవాట్ ట్రాన్స్‌మీటర్‌ను వెంటబెట్టుకుని త్రిపుర చేరారు. మే 25 నుంచి కలకత్తాలోని బాలీగంజ్ సర్క్యులర్ రోడ్డు ఇంట్లో స్టూడియో నడిచింది. 50 కిలోవాట్ల ట్రాన్స్‌మీటర్‌ను భారతదేశం సమకూర్చింది. పొరుగు దేశం చోటివ్వకపోతే ఈ రేడియో ఎన్నాళ్లు నిలిచేదో చెప్పలేం.

వార్తలు, పాటలు ఉండేవి. కాని శ్రోతలు ఎదురుచూసింది 'చరమపత్ర' కోసం. ఎం. ఆర్. అఖ్తర్ ముకుల్ ఢాకా వీధుల యాసలో సైన్యాన్ని ఎగతాళి చేసేవారు. సైన్యం కనుసన్నల్లో బతుకుతున్న పల్లెల్లో పోరు ఇంకా సాగుతోందని నమ్మించేది ఆ గొంతే. భయపడే జనం నవ్వగలగడం ఏ సైన్యానికైనా ఇబ్బందే.

డిసెంబరు 6న భారత్ బంగ్లాదేశ్‌ను గుర్తించాక ఈ కేంద్రం పేరు 'బంగ్లాదేశ్ బేతార్'గా మారింది. అదే ఆ దేశ ప్రభుత్వ రేడియో అయింది.

ఆలోచించండి: రేపు ఆ దేశంలో మరొకరు లైసెన్సు లేకుండా ప్రసారం చేస్తే, ఈ రేడియో ఏ వైపు నిలబడాలి?