కాన్సులేట్ అంటే స్టాంపింగ్ ఒక్కటేనా? పర్షియా రేవు నుంచి ఒక పాత కథ

మనకి కాన్సులేట్ అనగానే గుర్తొచ్చేవి పాస్‌పోర్ట్ రెన్యువల్, ఓసీఐ కార్డు, పిల్లల బర్త్ రిజిస్ట్రేషన్. హైదరాబాద్‌లో ఉన్న అమ్మానాన్నలకైతే నానక్‌రామ్‌గూడ, వీసా ఇంటర్వ్యూ, ‘ఎన్నాళ్ళు ఉంటారు?’ అనే ప్రశ్న. కానీ ఆ కౌంటర్ల వెనక, మనం ఎప్పుడూ చూడని గదుల్లో ఇంకో పని జరుగుతూ ఉంటుంది. ఆ ఊళ్ళో ఏం జరుగుతోందో, ఎవరి పలుకుబడి పెరుగుతోందో, వ్యాపారం ఎలా ఉందో రాసి పైకి పంపడం.

2011లో ‘ది హిందూ’ పత్రిక వికీలీక్స్ కేబుల్స్ ప్రచురించినప్పుడు చాలామందికి ఇది తొలిసారి తెలిసింది. చెన్నైలోని అమెరికన్ కాన్సులేట్ అధికారులు దక్షిణాది ఎన్నికల్లో డబ్బు పంపకం గురించి 2009లో వాషింగ్టన్‌కి రాసిన రిపోర్టు అందులో ఉంది. అప్పట్లో మన చానెళ్ళు అదేదో గూఢచర్యం అన్నట్టు చర్చలు పెట్టాయి. నిజానికి కాన్సుల్ ఉద్యోగంలో అది చాలా పాత భాగం. అసలు కాన్సుల్‌ని పెట్టిందే రేవులో ఓడల కోసం. 1792లో జార్జ్ వాషింగ్టన్ కలకత్తాకి బెంజమిన్ జాయ్‌ని కాన్సుల్‌గా నియమించినా, 1794లో మద్రాసులో విలియం అబట్ అమెరికా ఏజెంటుగా కుదురుకున్నా, అక్కడ చూసుకోవాల్సింది వ్యాపారమూ, వచ్చిపోయే అమెరికన్ ఓడలూ.

ఈ పని ఎలా ఉండేదో బాగా తెలియాలంటే పర్షియాలోని ఒక రాష్ట్రం కథ చూడాలి. ఇప్పటి ఇరాన్‌లో ఖుజెస్తాన్ అంటున్న దాన్ని అప్పట్లో అరబిస్తాన్ అనేవారు. కారూన్ నది షట్ అల్ అరబ్‌లో కలిసేచోట మొహమ్మరా అనే రేవు ఉండేది. నేటి ఖోర్రంషహర్ అదే. 1888లో పర్షియా షా కారూన్ నదిలోకి విదేశీ ఓడల్ని అనుమతించాడు. లించ్ బ్రదర్స్ అనే బ్రిటిష్ కంపెనీ స్టీమర్లు నడపడం మొదలెట్టింది. రెండేళ్ళలో మొహమ్మరాకి బ్రిటిష్ వైస్ కాన్సుల్ వచ్చి కూర్చున్నాడు.

ఆయన ఏం రాసేవాడు? ఏ జెండా కింద ఎన్ని ఓడలు వచ్చాయి, ఎన్ని టన్నులు, ఏం దిగింది, ఏం ఎక్కింది. దిగేవి బట్టలు, చక్కెర, టీ. ఎక్కేవి ఖర్జూరాలు, ఉన్ని, నువ్వులు. అహ్వాజ్ దగ్గర నది రాళ్ళ మీదుగా దూకుతుంది, స్టీమర్ దాటలేదు. అక్కడ సరుకు మొత్తం దించి, నేల మీద మోయించి, పైనున్న ఇంకో ఓడలో ఎక్కించాలి. బోంబేలో కూర్చున్న వర్తకుడికి ఈ ఒక్క విషయం తెలియకపోతే కిరాయి లెక్కంతా తప్పుతుంది.

అక్కడి నుంచే లోకల్ వ్యవహారాలు ఓడల లెక్కల్లోకి వచ్చేవి. ఏ తెగ వాళ్ళు ఏ దారిలో బిడారుని ఆపారు, కొత్త గవర్నర్ ఎవరు, వానలు పడ్డాయా, ప్లేగు వచ్చి క్వారంటైన్ పెట్టారా. చదువుతుంటే ఊరి కబుర్లలాగే ఉంటాయి. దారిలో దోపిడీ జరిగితే రేవులో ఉన్ని మూటలు తగ్గుతాయి, మూటలు తగ్గితే ఓడ ఖాళీగా పోతుంది. కాన్సుల్‌కి రాజకీయం అంటే అదే.

ఈ రిపోర్టులు మొదట లండన్ కన్నా మన దేశానికే దగ్గర. పర్షియన్ గల్ఫ్ వ్యవహారాలు చూసే బుషైర్ రెసిడెన్సీ 1873 నుంచి నేరుగా భారత ప్రభుత్వం కింద ఉండేది. గల్ఫ్ రేవులకి టపా మోసిన బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీయే కాకినాడ, భీమిలి, విశాఖల్లోనూ ఆగేది. మన తాతముత్తాతలు ‘రంగం పోతున్నాం’ అని ఎక్కిన ఓడల్లో చాలా భాగం ఆ కంపెనీవే.

1908 మే 26న మస్జిద్ సులేమాన్‌లో చమురు పడింది. ఆ డ్రిల్లింగ్‌కి కాపలాగా వెళ్ళింది భారత సైన్యం జవాన్లు. వాళ్ళ అధికారి ఆర్నల్డ్ విల్సన్ తర్వాత మొహమ్మరాలో తాత్కాలిక కాన్సుల్ అయ్యాడు. 1909లో స్థానిక షేక్ ఖజల్ దగ్గర అబదాన్ భూమిని ఏడాదికి 650 పౌండ్ల అద్దెకి కంపెనీకి కుదిర్చింది బుషైర్ రెసిడెంట్ పెర్సీ కాక్స్. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ప్రభుత్వ ఉద్యోగం వదిలి విల్సన్ చేరింది కూడా అదే చమురు కంపెనీలో. ఎవరి కోసం రాస్తున్నాడు, ఎవరికి ఉపయోగపడుతున్నాడు అనే గీత ఎంత పల్చనో చూడండి.

అబదాన్ రిఫైనరీకి ఫిట్టర్లు, క్లర్కులు, మెకానిక్కులు భారత్ నుంచే వెళ్ళారు. కాంట్రాక్టు మీద వెళ్ళిన ఆ మనుషులు బ్రిటిష్ ప్రజలు కాబట్టి, 1928లో పర్షియా ఆ ప్రత్యేక హక్కుల్ని రద్దుచేసే దాకా, వాళ్ళ తగువులు కాన్సుల్ కోర్టుకే పోవాలి. రక్షించాల్సిన వాడూ ఆయనే, కంపెనీకి దగ్గరివాడూ ఆయనే. 1920 డిసెంబర్‌లో దాదాపు 3,000 మంది భారతీయ కార్మికులు జీతాల కోసం సమ్మె చేశారు. ఇరానీ కార్మికులూ కలిశారు. జీతాలు పెరిగాయి. 1922లో మళ్ళీ సమ్మె జరిగితే ఈసారి పెద్ద సంఖ్యలో భారతీయుల్ని ఓడలెక్కించి వెనక్కి పంపేశారు.

నన్ను ఇబ్బంది పెట్టేది ఇక్కడే. ఓడ పేరు, టన్నేజీ, ఉన్ని మూటల విలువ జాగ్రత్తగా రాసిన రిపోర్టుల్లో మనుషులు మాత్రం గుంపులుగానే కనిపిస్తారు. పేరు కనబడాలంటే ఏదో ఒకటి జరగాలి. చావో, కోర్టు కేసో, సమ్మెలో ముందు నిలబడటమో. హెచ్1బీ మీద వచ్చి ఇక్కడ ఇళ్ళు కొనుక్కున్న మనకీ ఈ సంగతి కొత్తేమీ కాదు. ఇక్కడ మన కుర్రాడెవరైనా హఠాత్తుగా పోయినప్పుడే కాన్సులేట్ కాగితాల్లో వాడి ఊరు పేరు, తండ్రి పేరు పూర్తిగా ఎక్కుతాయి.

మీ ఇంట్లో కూడా గల్ఫ్‌కో రంగూన్‌కో వెళ్ళి రాని పెద్దాయన కథ ఉంటే వెతకడం ఇప్పుడు తేలికే. బ్రిటిష్ లైబ్రరీలోని గల్ఫ్ రికార్డులు 2014 నుంచి ఖతార్ డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా ఉన్నాయి. బుషైర్, మొహమ్మరా పేర్లతో వెతకండి. అమెరికన్ కాన్సుల్స్ రాసినవి మేరీలాండ్‌లోని కాలేజ్ పార్క్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 1856లో అమెరికా, పర్షియా చేసుకున్న ఒప్పందంలో కాన్సుల్స్‌కి చోటిచ్చిన మూడు ఊళ్ళలో బుషైర్ ఒకటి.

ఒక మాట. ‘తెలుగు’ అని టైప్ చేస్తే దాదాపు ఏమీ రాదు. ఆ కాగితాల్లో మనవాళ్ళు గల్ఫ్‌లో అయితే ‘మద్రాసీలు’, బర్మాలో అయితే ‘కోరంగీలు’. కాకినాడ ‘కొకనాడ’, విశాఖ ‘విజగపటం’, భీమిలి ‘బిమ్లీపటం’. ముందు ఓడ పేరు, ఏడాది పట్టుకోండి, మనిషిని ఆ తర్వాత వెతకండి.